మద్రాసుకు దూరం తగ్గింది, ప్రయాణం తగ్గలేదు

బేగంపేట విమానాశ్రయంలో నేను చేసింది టికెట్ల కౌంటరు ఉద్యోగం కాదు, ర్యాంపు మీద పని. విమానం వచ్చి ఆగగానే చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు వేసేవాళ్లం, బయల్దేరేముందు తీసేసేవాళ్లం. వాటినే చాక్స్ అంటారు. ఇక్కడ చాక్స్ తీసినప్పటినుంచి అక్కడ వేసేదాకా పట్టేది బ్లాక్ టైమ్. టైంటేబుల్లో అచ్చు వేసేది ఆ లెక్కే. గాల్లో ఉండేది అందులో కొంతసేపే.

హైదరాబాదు–మద్రాసు రూటు చూడండి. కాజీపేట, బెజవాడ మీదుగా రైలు దారి దాదాపు 790 కిలోమీటర్లు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే దిగేది తెల్లారాకే. ఆకాశంలో తిన్నగా పోతే బేగంపేట నుంచి సుమారు 520. 1945లో నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. పట్టాల మీద బండ్లు నడిపినవాళ్లే డకోటా విమానాలనూ నడిపించారన్నమాట.

డకోటా వేగం గంటకు 270 కిలోమీటర్లు, అటూ ఇటూగా. అంటే మద్రాసుకు రెండు గంటలు. దానికి మూడో చక్రం తోక కింద ఉండేది. నేల మీద ఉన్నంతసేపూ ముక్కు పైకెత్తుకునే ఉంటుంది. వెనక తలుపులోంచి ఎక్కినవాళ్లు ముందు సీటు చేరాలంటే ఎగువకు నడవాల్సిందే. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి మరీ ఎత్తుకు పోలేదు. వానాకాలం మబ్బుల కుదుపులన్నీ ప్రయాణికులు భరించాల్సిందే.

1953 ఆగస్టులో డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1970ల మొదట్లో ఆ సంస్థకు బోయింగ్ 737లు వచ్చాయి. వేగం గంటకు 800 దాకా, డకోటాకు మూడింతలు. కాగితం మీద భాగిస్తే మద్రాసు నలభై నిమిషాలే. టైంటేబుల్ మాత్రం గంట దాటే చూపేది. ఇంత చిన్న దూరంలో విమానం పైకెక్కడానికీ కిందికి దిగడానికీ చాలా సమయం పోతుంది. పూర్తి వేగంతో పరిగెత్తేది మధ్యలో కాసేపే. పైగా రన్‌వేకి వెళ్లడం, వంతు కోసం ఆగడం, దిగాక స్టాండుకు చేరడం. ఇవన్నీ ఏ ఇంజిను పెట్టినా తగ్గవు. ఇప్పటికీ ఈ రూటులో గంటంబావు అటూ ఇటూగా వేస్తూనే ఉన్నారు.

2008 మార్చి 23న విమానాలు శంషాబాదుకు మారాయి. ఆ ఊరు దక్షిణాన ఉంది కాబట్టి మద్రాసు ఇరవై కిలోమీటర్లు దగ్గరైంది. జెట్‌కు మిగిలింది రెండు నిమిషాల లోపే. బేగంపేటకు పక్కనే ఉన్న సికింద్రాబాదు వాళ్లు మాత్రం ఊరంతా దాటి వెళ్లాల్సి వచ్చింది. మరుసటి ఏడు తెరిచిన 11.6 కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే మెహదీపట్నం వైపు వాళ్లకు కొంత ఊరటనిచ్చింది.

అందుకే టికెట్ మీద గంటలు చూసి మోసపోకండి. మీ గుమ్మం నుంచి అవతలి గుమ్మం దాకా లెక్కేసుకోండి. మద్రాసుకు ఇప్పటికీ విమానమే మేలు. దారి మధ్యలోనే ఉన్న బెజవాడకైతే రైలో బస్సో ఎక్కండి.