చంకలోంచి లోకం

తెల్లవారుజాము మూడు గంటలు. మంచం పక్కన పెట్టిన అట్టపెట్టెలో గోళ్ళు గీకిన చప్పుడు, ఆ వెంటనే సన్నగా ఒక మూలుగు. లైటు కూడా వెయ్యకుండా మీరు లేచి, పెట్టెలో చేతులు పెట్టి, ఆ వెచ్చటి ప్రాణాన్ని గుండెకి ఆనించుకుని డాబా మెట్లెక్కుతారు. తొందరగా ఎక్కాలి. తొమ్మిది వారాల కుక్కపిల్ల నిద్ర లేచిందంటే ఎక్కువసేపు ఆపుకోలేదు.

విజయవాడ, సత్యనారాయణపురం. దసరా వెళ్ళి నాలుగు రోజులైంది. జంక్షన్ వైపు నుంచి గూడ్సు బండి కూత వేస్తుంది. చంకలో పిల్ల చెవులు నిక్కి, మళ్ళీ వాలిపోతాయి. డాబా మూలన మట్టి పోసిన పాత టబ్బులో దాన్ని దించుతారు. అది మట్టికి ముక్కు ఆనించి రెండు చుట్లు తిరుగుతుంది. నిన్నటి తన వాసన తగలగానే కూలబడుతుంది. మీరు కదలరు, మాట్లాడరు. పని పూర్తయిందో లేదో “శభాష్ బెల్లం!” అని, ఉడికించిన చికెన్ తునక నోటికందిస్తారు. అక్కడే, అప్పుడే ఇవ్వాలి. కిందికి దిగి వంటింట్లో ఇస్తే, బుద్ధిగా మెట్లు దిగినందుకు ఇచ్చారనుకుంటుంది.

రంగును బట్టి పెట్టిన పేరది. జాతి అడిగితే ఊరకుక్కే. పక్క వీధిలో కడుతున్న అపార్ట్‌మెంటు ఇసుకగుట్ట మీద పుట్టి, ఎనిమిది వారాలు తల్లి దగ్గర పెరిగి, మీ ఇంటికొచ్చింది. ఒకటికి రెండు అంతస్తులెక్కి డాబా మీదికి రావడమెందుకు, గేటు దాటితే మట్టే కదా అని మీ ఆయన రోజూ అంటూనే ఉన్నారు. ఆ మట్టితోనే భయం. 1978లో ప్రపంచం కంటపడిన పార్వో వైరస్, జబ్బు చేసిన కుక్క విసర్జించిన చోట నెలల తరబడి బతికే ఉంటుంది. రక్తవిరేచనాలతో పిల్లలు రెండు మూడు రోజుల్లోనే పోవచ్చు. అందుకే మీ ఇంట్లో ఇప్పుడు చెప్పులన్నీ గుమ్మం బయటే. బెల్లం కాలు ఇంకా వీధి మీద పడలేదు.

ఆరున్నరకి అత్తయ్యగారి కేక. “అమ్మాయ్! మళ్ళీ పోసిందే!”

హాలు మధ్యలో చిన్న మడుగు. దాని పక్కన బెల్లం, చెవులు వెనక్కి వాల్చి, మొహం పక్కకి తిప్పుకుని నిలబడి ఉంది. “చూడు దాని వాలకం! తప్పు చేశానని తెలుసు దానికి. ముక్కు నేలకేసి రాయి, బుద్ధొస్తుంది. మా పుట్టింట్లో అలాగే చేసేవాళ్ళం” అంటారావిడ.

ఆ వాలకాన్నే న్యూయార్క్‌లోని బార్నార్డ్ కాలేజీలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ పరీక్షకి పెట్టారు. యజమాని గదిలో లేనప్పుడు వద్దన్న తినుబండారం కుక్క తిన్నా తినకపోయినా, వచ్చిన యజమానికి ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం చెప్పారు. తప్పు చేసిన మొహం ఎప్పుడు కనిపించిందంటే, యజమాని తిట్టినప్పుడు. ఏ తప్పూ చెయ్యని కుక్కలు కూడా తిట్లు పడగానే అదే మొహం పెట్టాయి. ఆ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. బెల్లం మొహంలో ఉన్నది అత్తయ్యగారి గొంతుకి జవాబు, అంతే. ఇప్పుడు ముక్కు రాస్తే అది నేర్చుకునే పాఠం ఒకటే: మనుషులు చూస్తుండగా పొయ్యకూడదు, సోఫా వెనక పోసుకోవాలి.

మీరు వాదించరు. పాతగుడ్డతో అద్ది, వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడుస్తారు. అమ్మోనియా ఉన్న క్లీనరు వాడితే మూత్రం వాసనకి మరో మూత్రం వాసన తోడైనట్టే. తప్పెవరిదో గోడ గడియారమే చెబుతోంది. పిల్ల నిద్ర లేచి పది నిమిషాలైంది, ఎవరూ పైకి తీసుకెళ్ళలేదు. లేచాక, తిన్నాక, ఆడాక పైకి. ఆ మూడూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తారు. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, “మీ ఆయన చిన్నప్పుడు కూడా ఇంతే” అని నవ్వుకుంటూ వెళ్ళిపోతారు.

వంటింట్లో పెనం మీద ఉల్లి పెసరట్టు. చిన్న ముక్క తుంచబోతున్న ఆవిడ చెయ్యి మీరు సున్నితంగా పట్టుకుంటారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలను చితగ్గొడతాయి. మనం రోజూ పొయ్యిమీద తాలింపు వేసేవాటిలో కొన్ని దానికి పడవు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ అసలే కూడదు. గిన్నెలో దాని వాటా వేరే ఉంది: మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు లేని చికెన్, డాక్టరు చెప్పిన పప్పీ ఫుడ్డు. రోజుకి నాలుగు పూటలు.

తిన్న ఊపు అత్తయ్యగారి చీర కుచ్చెళ్ళ మీదికి మళ్ళుతుంది. ఇరవై ఎనిమిది పాలపళ్ళు, ఒక్కోటీ సూదిమొన. “వదులే, వదులు!” అని ఆవిడ లాగినకొద్దీ దానికి ఆట రసకందాయంలో పడుతుంది. “అత్తయ్యా, కదలకండి” అంటారు మీరు. కదలని చీరతో ఆటేముంది? నాలుగు క్షణాలకి వదిలేస్తుంది. ఆ ఖాళీలోకి, ఫ్రిజ్‌లో తడిపి చుట్టి పెట్టిన గుడ్డ వచ్చి పడుతుంది. స్కూలుకి బయల్దేరుతున్న మీ అబ్బాయి వేలికి పన్ను దిగితే “అబ్బా!” అని లేచి, తిరిగి చూడకుండా వెళ్ళిపోతాడు. కరిస్తే ఆట ఆగిపోతుందని తోబుట్టువులు ఇసుకగుట్ట మీద దానికి సగం నేర్పే ఉన్నాయి. మిగతా సగం మీ ఇంటి బాధ్యత. ఇంకా ఆగకుండా కరుస్తోందంటే అది అల్లరి కాకపోవచ్చు, నిద్రొస్తోందేమో. ఈ వయసులో రోజుకి పద్దెనిమిది గంటలు పడుకోవాలి. పెట్టెలో పెట్టి, పైన పాత చీర కప్పగానే రెండు నిమిషాల్లో గురక.

పదకొండింటికి పశువుల డాక్టరు దగ్గర బల్ల మీద ఉంది బెల్లం. టీకాల కార్డు చూసిన డాక్టరుగారు, “మొదటి డోసు ఎనిమిదో వారంలో పడింది. మళ్ళీ మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. మూడు నెలలు నిండగానే రేబిస్‌ది” అంటారు. అన్నిసార్లు ఎందుకు? “తల్లి జున్నుపాలతో వచ్చిన రక్షణ టీకాని పనిచెయ్యనివ్వదమ్మా. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కోసారి తగ్గుతుంది. ఎప్పుడు తగ్గినా మన టీకా అందేలా వరసగా వేస్తాం.”

“అయితే అప్పటిదాకా బయటికి తియ్యకూడదా?”

ఆయన కార్డు పక్కన పెట్టేస్తారు. “అదే తప్పు చేస్తారమ్మా అందరూ. దించొద్దన్నాను, చూపించొద్దనలేదు. ఎత్తుకు తిప్పండి.”

ఆ మాట వెనక పెద్ద లెక్కే ఉంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్‌లోని జాక్సన్ లేబొరేటరీలో కుక్కపిల్లల మీద ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది. 1961లో అచ్చయిన ఒక ప్రయోగంలో, కంచె వేసిన పొలంలో మనిషి పొడ లేకుండా పిల్లల్ని పెంచారు. కొన్నిటిని వేర్వేరు వారాల్లో బయటికి తెచ్చి మచ్చిక చేశారు. 14 వారాల దాకా మనిషిని ఎరగనివి అడవి జంతువుల్లా బెదిరిపోయాయి, తరవాతి బుజ్జగింపులకి పెద్దగా లొంగలేదు. అక్కడే పనిచేసిన స్కాట్, ఫుల్లర్ 1965లో తమ పుస్తకంలో ఈ గడువునే వివరించారు. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా చూసినవి లోకంలో మామూలు వస్తువులు. ఆ తరవాత ఎదురయ్యే ప్రతి కొత్తదీ ముందు అనుమానితమే. టీకాలు ముగిసేది పదహారో వారంలో, మనసు తలుపు మూసుకునేది అంతకంటే ముందే. ఈ రెంటి మధ్య ఇరుక్కున్న పిల్లకి ఉన్న దారి మీ చంక ఒక్కటే.

అందుకే సాయంత్రం అయిదున్నరకి, పాత దుప్పటితో కుట్టిన జోలెలో బెల్లాన్ని వేసుకుని మీరు వీధిలోకి దిగుతారు. తల మాత్రం బయటికి.

మొదట వాసనలు. దాని ముక్కు గాలిలో పైకీ కిందికీ ఆడుతోంది. పునుగుల బండి దగ్గర కాగిన నూనె, పూలకొట్టు దగ్గర తడి చామంతులు, డ్రైనేజీ పక్కన మీకు తెలియని మరేవో. దుర్గమ్మ దీక్షలో ఉన్న ఎరుపు బట్టల భవానీలు అమ్మవారి కొండ దిగి, కాళ్ళకి చెప్పుల్లేకుండా ఎదురొస్తున్నారు. బెల్లం చూస్తోంది. మీరు దాని చెవులు చూస్తున్నారు. ముందుకే ఉన్నాయి, మంచిదే. చికెన్ తునక.

హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు, గొడుగు తెరిచిన పెద్దాయన, కర్ర పట్టుకున్న వాచ్‌మన్, బురఖాలో ఇద్దరమ్మాయిలు. ఒక్కొక్కరికీ ఒక్కో తునక. “అబ్బ, ఎంత ముద్దుగా ఉందో, ఇలా ఇవ్వండాంటీ” అంటూ ట్యూషన్ పిల్లలు చుట్టుముడతారు. వెంటనే అది పెదాలు నాక్కుని ఆవలించి తల తిప్పేసుకుంటుంది. నిద్ర కాదది, నాకిది ఎక్కువైందని చెప్పడం. “చూడండమ్మా, ముట్టుకోవద్దు. ఇంకా కొత్త” అని మీరు నాలుగడుగులు వెనక్కి వేస్తారు. ఊరంతా ముట్టుకోవాలని కాదు ఈ తిప్పడం. ఊరు ఇలాగే ఉంటుంది, ఏమీ కాదు అని దానికి తెలిస్తే చాలు.

బీఆర్‌టీఎస్ రోడ్డు మొగదల ఆటో ఒకటి పెద్దగా దగ్గి స్టార్టవుతుంది. జోలెలో ఒళ్ళు బిగుసుకుంది. మీరు ఆటో వైపు వెళ్ళరు, ఇంటికి పరిగెత్తరు. రోడ్డుకి ఈవలి పక్కకి వచ్చి, కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుంటారు. అక్కణ్ణుంచి ఆటోలు కనిపిస్తాయి, మీద పడవు. ఒక ఆటో, ఒక తునక. ఇంకో ఆటో, ఇంకో తునక. అయిదో ఆటోకి బెల్లం ఆటో వైపు చూడకుండా మీ చేతి వైపు చూస్తుంది. చాలు. లేచి ఇంటికి. ఇంకా బాగున్నప్పుడే ముగించాలి.

రాత్రి అన్నాలయ్యాక, రాబోయే దీపావళికి అలవాటు చెయ్యడానికి, మీ అబ్బాయి ఫోనులో టపాసుల చప్పుడు పెడతాడు, చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినపడనంత సన్నగా. బెల్లం గిన్నెలో అన్నం తింటూ ఉంటుంది. రోజుకి ఒక గీత పెంచడం వాడి డ్యూటీ. గిన్నె వదిలి తలెత్తిందంటే రెండు గీతలు తగ్గించాలి. తరవాత “కూర్చో” పాఠం. తునక ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి జరుపుతాడు. తల పైకి లేచేసరికి వెనక భాగం తనంతట తానే నేలకి తగులుతుంది. “శభాష్!” అయిదు నిమిషాలు దాటితే పాఠం బంద్. ముందు మీ అబ్బాయి “సిట్” అని, మీ ఆయన “డౌన్” అని, అత్తయ్యగారు “కూకోవే” అని ముగ్గురూ మూడు రకాలు అనేవారు. పిల్ల బిత్తరపోయేది. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ “కూర్చో” ఒక్కటే.

దీపావళి రానే వచ్చింది. చీకటి పడకముందే డాబా పని ముగించి, లోపలి గది కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ గట్టిగా పెడతారు. మొదటి లక్ష్మీబాంబుకి బెల్లం లేచి మీ ఒళ్ళోకి వస్తుంది. దగ్గరికి తీస్తే భయం అలవాటవుతుందంటారు మీ ఆయన. భయం బహుమానాలతో పెరగదు. మీరు వీపు నిమురుతూ కూర్చుంటారు. పదో బాంబుకి అది చెవి మాత్రం కదిపి, నమిలే ఎముక మీద పళ్ళు ఆనిస్తుంది.

కార్తీకం గడిచింది, మార్గశిరం వచ్చింది. ఆఖరి సూది పడి పది రోజులు దాటింది. హాలు ఊడుస్తుంటే బియ్యపుగింజంత పాలపన్ను దొరికింది. ఆ పొద్దున గొలుసు పట్టుకుని మీరు గేటు తీస్తారు. బెల్లం పాదాలు మొదటిసారి వీధి మీద పడతాయి. ముగ్గుల మధ్య నుంచి నడుస్తుంది. ఆటో పోతుంది, పట్టించుకోదు. గొడుగు, పట్టించుకోదు. చెత్తబండి మైకు, అంతే.

వీధి మలుపులో సన్నాయి. రంగురంగుల బొంతలు కప్పుకుని, కొమ్ములకి కుచ్చులతో, మెడలో గంటలతో గంగిరెద్దు.

దీన్ని మీరు చూపించలేదు. ఇది ధనుర్మాసంలోనే వస్తుంది మరి. బెల్లం నాలుగు కాళ్ళూ పాతేసి, తోక ముడిచి, గొంతులోంచి మొరుగుతుంది. గొలుసు లాగి దగ్గరికి తీసుకెళ్ళాలని చెయ్యి ఉబలాటపడుతుంది. లాగరు. రోడ్డు దాటి, పార్కు చేసిన కారు పక్కకి వస్తారు. ఎద్దు కనపడుతుంది, గంటలు కాస్త తగ్గి వినపడతాయి. తునక. ఇంకో తునక. మొరుగుడు ఆగి, మెడ సాగదీసి వాసన పడుతుంది.

సన్నాయి దించిన ఆయన అక్కణ్ణుంచే నవ్వుతాడు. “చిన్నదా అమ్మా? భయపడుద్దిలే. మా బసవన్న కూడా అంతే. దూడప్పుడే డోలు పక్కన కట్టేసి మేతేశాం. పెద్దయ్యాక మొదలెడితే బెదురు పోదమ్మా.”

“కూర్చో” అంటారు మీరు. బెల్లం కళ్ళు ఎద్దు మీదే ఉంచి, సగం కూర్చుని, మళ్ళీ లేచి, మళ్ళీ కూర్చుంటుంది. ఇవాళ్టికి ఇదే ఎక్కువ. ఇంటి వైపు తిరుగుతూ మీరు అడుగుతారు, “రేపు కూడా వస్తారా ఈ వీధికి?”

“సంక్రాంతి దాకా రోజూ ఇటే అమ్మగారూ.”

అయితే రేపు కారు ఇవతల కాదు, అవతల నిలబడాలి. చికెన్ కాస్త ఎక్కువ ఉడకబెట్టమని అత్తయ్యగారికి చెప్పాలి.