హాయిగా నిద్రపో: కరకట్టల దేశంలో ఒక మాట చరిత్ర

నెదర్లాండ్స్‌లో చిన్నపిల్లల్ని రాత్రి ఏడు, ఏడున్నరకల్లా పడుకోబెట్టేస్తారు. జూన్‌లో పదింటిదాకా వెలుగుంటుంది. అయినా కర్టెన్లు లాగేసి ఒక కథ చదువుతారు, ముద్దు పెడతారు, ఆపైన రెండు మూడు మాటలు చెబుతారు. "వెల్‌టెరుస్టెన్" అంటే శుభరాత్రి. "స్లాప్ లెక్కర్" అంటే హాయిగా నిద్రపో. "ద్రోమ్ జఖ్ట్" అంటే కమ్మని కలలు కను. చివర "సఖాట్యె" అని ముద్దుపేరు చేరుస్తారు, మన బంగారుకొండలాగా. ఇక్కడ పుట్టిన మా అమ్మాయికి నేను ఇవీ చెబుతాను, "బజ్జో తల్లీ" అనీ చెబుతాను.

ఇంత మామూలు మాటలకి ఈ దేశ చరిత్రలో పెద్ద బరువే ఉంది. ఇక్కడి నేలలో దాదాపు నాలుగోవంతు సముద్రమట్టానికి దిగువన ఉంది. మేముండే రోటర్‌డామ్‌కి దగ్గర్లోనే, నీవెర్కెర్క్ ఆన్ డెన్ ఐసెల్ అనే ఊళ్ళో, దేశంలోకెల్లా పల్లపు చోటుంది: సముద్రమట్టానికి 6.76 మీటర్ల కింద. ఇలాంటి చోట జనం నిశ్చింతగా పడుకోవాలంటే ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి.

హాయిగా పడుకోండని ఇక్కడ ఒక ప్రధానమంత్రే దేశానికి చెప్పాడు. 1936 మార్చిలో హిట్లర్ సైన్యం జర్మనీ పడమటి సరిహద్దు ప్రాంతమైన రైన్‌లాండ్‌లోకి నడిచింది. జనం కంగారుపడ్డారు. అప్పటి ప్రధాని హెండ్రికస్ కొలైన్ రేడియోలో మాట్లాడుతూ, మిగతా రాత్రుల్లాగే ఈ రాత్రి కూడా నెమ్మదిగా నిద్రపొమ్మని శ్రోతల్ని కోరాడు. నాలుగేళ్ళ తరవాత, 1940 మే 10 తెల్లవారకముందే జర్మన్ సేనలు దేశంలోకి వచ్చిపడ్డాయి. మే 14న బాంబులు రోటర్‌డామ్ నడిబొడ్డుని బూడిద చేశాయి. కొలైన్ ఆ మాట అన్నది యుద్ధం ముందురోజు కాదు, నాలుగేళ్ళ ముందు. అయినా జనం జ్ఞాపకంలో ఆ రెండూ కలిసిపోయాయి. పాలకులు ఉత్త ధైర్యం చెబుతున్నారనిపిస్తే ఇక్కడివాళ్ళు ఇప్పటికీ కొలైన్ మాటనే గుర్తుచేస్తారు.

రెండో దెబ్బ నీళ్ళది. 1953 జనవరి 31, శనివారం రాత్రి. వాయవ్యం నుంచి తుఫాను, దానికి తోడు పెద్ద పోటు. వాతావరణశాఖ హెచ్చరిక ఇచ్చింది కానీ ఆ రోజుల్లో రేడియో అర్ధరాత్రికి ఆగిపోయేది. నైరుతి తీరంలోని జేలండ్‌లోనూ చుట్టుపక్కల దీవుల్లోనూ జనం నిద్రలో ఉండగానే కరకట్టలు తెగాయి. 1,836 మంది చనిపోయారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళకి ఆ రాత్రి ఎలాంటిదో నేను వేరే చెప్పక్కర్లేదు.

అదే రాత్రి నీవెర్కెర్క్ దగ్గర కూడా కట్టకి గండిపడింది. అది పూర్తిగా తెగితే దాని వెనక ఉన్న లక్షలాదిమంది ఊళ్ళు మునిగేవి. తెల్లవారుజామున ఆరీ ఏవెఖ్రూన్ అనే పడవ నడిపే ఆయన తన సరుకు పడవని తీసుకెళ్ళి ఆ గండిలో అడ్డంగా నిలిపాడు. గండి మూసుకుంది. ఆ కట్ట మీద ఇప్పుడు ఆయన చేసిన పనికి స్మారకం ఉంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మా అమ్మాయికి ఆ కథ చెబుతాను.

ఆ విపత్తు నుంచే డెల్టా పనులు, అంటే సముద్రాన్ని ఆపే అడ్డుకట్టల నిర్మాణం, పుట్టాయి. 1986లో ఓస్టర్‌స్ఖెల్డె అడ్డుకట్ట పూర్తయింది. దానికి 62 తలుపులు. మామూలు రోజుల్లో ఉప్పునీరు, చేపలు, ఆల్చిప్పలు బతకాలని వాటిని తెరిచే ఉంచుతారు, తుఫాను వస్తేనే దించుతారు. 1997లో రోటర్‌డామ్ రేవు దారిలో మాస్లాంట్ అడ్డుకట్ట వచ్చింది. నీటిమట్టం చూసి దాన్ని మూసే నిర్ణయం కంప్యూటరే తీసుకుంటుంది. 2023 డిసెంబర్‌లో అది నిజంగానే అలా మూసుకుంది. మేమంతా మామూలుగా పడుకున్నాం.

వీటి వెనక అంతకన్నా పాత ఏర్పాటు ఒకటుంది. కట్టలూ కాలవలూ చూసుకునే నీటి మండళ్ళు 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. ఇప్పుడు 21 ఉన్నాయి. వాటికి నాలుగేళ్ళకోసారి ఎన్నికలు జరుగుతాయి. ప్రతి ఇల్లూ ఏటా వాటికి పన్ను కడుతుంది, మేమూ కడతాం. డబ్బు కట్టినందుకు నాకు ఒక్కసారీ బాధ కలగలేదు.

పడుకునే ముందు చెప్పే ప్రేమ మాట ఏ భాషలోనైనా తీయగానే ఉంటుంది. అది నిజమవ్వాలంటే పగటిపూట ఊరంతా కలిసి పనిచేయాలని ఈ దేశం రెండుసార్లు దెబ్బతిని నేర్చుకుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో, తీరం పొడవునా ఉన్న మనవాళ్ళకి నేను చెప్పుకునేది ఒక్కటే. మీ ఊరి కరకట్ట ఎలా ఉందో, తుఫాను షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో, మడ అడవులు ఎంత మిగిలాయో వానాకాలం రాకముందే అడగండి. ఓటు అడగడానికి వచ్చినవాళ్ళని ముందుగా అడగండి.