హిమానీనదాల వివాదం – విశ్వవిద్యాలయాల బాధ్యత

మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయాలు 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఆవిర్భవించాయి. తొలినాళ్లలో పరీక్షలు నిర్వహించి పట్టాలు ప్రసాదించడమే వాటి ప్రధాన విధి. పరిశోధన తరువాతి కాలంలో వచ్చి చేరింది. ప్రభుత్వ విధానాలపై జరిగే బహిరంగ చర్చలో ప్రామాణికమైన సాక్ష్యం చెప్పవలసిన బాధ్యత మరింత ఆలస్యంగా సంక్రమించింది. ఈ మూడవ బాధ్యత ఎంత బరువైనదో హిమాలయ హిమానీనదాల వివాదం తేటతెల్లం చేసింది.

కొలతల కష్టం

హిమాలయాలలో హిమానీనదాల పరిశీలన గత శతాబ్ది తొలి దశకంలోనే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఆధ్వర్యంలో ఆరంభమైంది. మంచు అంచు ఎక్కడ ఉందో బండలపై గుర్తులు పెట్టడం, మంచులో కర్రలు పాతి ఏటా ఎంత మేర కరిగిందో లెక్కకట్టడం అందులోని ప్రధాన పద్ధతులు. పని చేయడానికి అనువైన కాలం ఏడాదిలో కొద్ది నెలలే. భారత భూభాగంలో 9,575 హిమానీనదాలు ఉన్నట్లు ఆ సంస్థ గణించగా, వాటిలో సంవత్సరాల తరబడి కొలతలు జరిగినవి అతి స్వల్పం. తెలిసినది తక్కువ, తెలుసుకోవలసిన అవసరం ఎక్కువ అయిన ఈ స్థితిలోనే వివాదానికి బీజం పడింది.

ఒక సంవత్సరాంకం కథ

1999లో హిమాలయ హిమానీనదాలపై ఒక అంతర్జాతీయ కార్యవర్గం తన నివేదికను సమర్పించింది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఆచార్యులు సయ్యద్ ఇక్బాల్ హస్నైన్ దానికి అధ్యక్షులు. అదే సంవత్సరం బ్రిటన్‌కు చెందిన ‘న్యూ సైంటిస్ట్’ పత్రిక ఆయనతో జరిపిన సంభాషణ ఆధారంగా, మధ్య, తూర్పు హిమాలయాల హిమానీనదాలు 2035 నాటికి అంతరించిపోవచ్చునని రాసింది. కార్యవర్గ నివేదికలో ఆ సంవత్సరాంకం లేదు. తాను ఏ తేదీనీ చెప్పలేదని ఆచార్యులు తరువాత వివరణ ఇచ్చారు. పత్రికా రచయిత తన కథనానికే కట్టుబడ్డారు.

అయితే అప్పటికే ఆ అంకె దేశాలు దాటింది. 2005లో ఒక పర్యావరణ సంస్థ నివేదికలోకి, అక్కడి నుండి 2007లో వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ బృందం (ఐ.పి.సి.సి.) వెలువరించిన నాలుగవ అంచనా నివేదికలోకి ప్రవేశించింది. హిమాలయ హిమానీనదాల వైశాల్యం అయిదు లక్షల చదరపు కిలోమీటర్లన్నట్లు కూడా ఆ నివేదిక పేర్కొంది. నిజానికి అది అందులో పదవ వంతుకు మించదు. అయినప్పటికీ ఆ దోషం సవరణకు నోచుకోకుండా నివేదికలో ఉండిపోయింది. ఆ బృందానికి అదే సంవత్సరం నోబెల్ శాంతి బహుమతిలో భాగం లభించడంతో అంకెకు మరింత గౌరవం దక్కింది.

2009 నవంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక చర్చాపత్రాన్ని ప్రచురించింది. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ విశ్రాంత అధికారి వి.కె. రైనా రచించిన ఆ పత్రం, హిమానీనదాలు అసాధారణ వేగంతో తరిగిపోతున్నాయని చెప్పడం తొందరపాటు అవుతుందని అభిప్రాయపడింది. ఐ.పి.సి.సి. అధ్యక్షులు దానిని తీవ్రంగా ఆక్షేపించారు. ఇంతలో కెనడాలోని ట్రెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం కాగ్లీ మూలాలను వెదికి, 1996 నాటి ఒక రష్యన్ శాస్త్రవేత్త రచనలో ఉన్నది 2350 అని, అదీ ధ్రువేతర ప్రాంతాల హిమానీనదాలన్నిటికీ సంబంధించినదని చూపారు. 2010 జనవరి 20న ఐ.పి.సి.సి. విచారం ప్రకటించింది. తదుపరి ప్రపంచ విజ్ఞాన అకాడమీల మండలి సమీక్ష జరిపి, పని విధానంలో సంస్కరణలు సూచించింది.

అంకె తప్పు, ఆపద నిజం

తప్పు బయటపడగానే వాతావరణ మార్పు అనేదే కల్పన అన్న ప్రచారం బయలుదేరింది. ఆధారం లేని ఒక తేదీ, ఆధారమున్న వంద కొలతలపై నీలినీడ పరచింది. వాస్తవానికి మంచు తరుగుదల ఆగలేదు. 650 హిమానీనదాల ఉపగ్రహ చిత్రాలను పరిశీలించిన కొలంబియా విశ్వవిద్యాలయ అధ్యయనం, 2000 తరువాత నష్టం అంతకు ముందటి పాతికేళ్ల కంటే రెట్టింపు వేగంతో సాగిందని 2019లో వెల్లడించింది.

ఈ కథకు మరొక పార్శ్వం కూడా ఉంది. సిక్కింలోని దక్షిణ ల్హోనక్ హిమ సరస్సుకు గండి పడే సంభావ్యత 42 శాతమని, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం 2013లోనే ‘కరెంట్ సైన్స్’ పత్రికలో హెచ్చరించింది. 2016లో గొట్టాలతో నీటిని తోడే ప్రయత్నం కొంత జరిగింది. అది చాలలేదు. 2023 అక్టోబరు 4న సరస్సు తెగింది. చుంగ్‌థాంగ్ వద్ద 1,200 మెగావాట్ల తీస్తా-3 విద్యుత్ ప్రాజెక్టు ఆనకట్ట కొట్టుకుపోయింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

కొలిచి చెప్పని తేదీ ప్రపంచమంతా చుట్టివచ్చింది. కొలిచి చెప్పిన హెచ్చరిక కొండ దిగువ గ్రామాలకు తగిన రీతిలో చేరలేదు. విశ్వవిద్యాలయాలు ఆచితూచి పలకడం ఎంత ముఖ్యమో, పలికిన మాటను పరిశోధన పత్రికలకే పరిమితం చేయక ప్రజల భాషలో ప్రజలకూ, పాలకులకూ చేర్చడం అంతే ముఖ్యం. ఆ మాటను సకాలంలో ఆలకించి ఆచరణలో పెట్టవలసిన బాధ్యత ప్రభుత్వ యంత్రాంగానిది.