పర్యావరణ విద్య - దాని వెనుక నిలిచిన సిబ్బంది

విశ్వవిద్యాలయంలో ఒక కొత్త శాఖ పుట్టినప్పుడు దాని చరిత్ర రాసేవారు ఆచార్యుల పేర్లతో ప్రారంభించి భవనాల ప్రారంభోత్సవంతో ముగించటం పరిపాటి. యీ పరిపాటి మనకు చాలా పాతది. మానుకోట ప్రాంతంలోని బయ్యారం చెరువు శాసనాన్నే తీసుకోండి. గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తి సముద్రమనే ఆ చెరువును తవ్వించిందని 13వ శతాబ్దపు ఆ శాసనం చెబుతుంది. కాకతీయుల వంశావళిని పూర్వపురుషుల నుంచి వరుసగా వివరిస్తుంది. చరిత్రకారులకు అది అమూల్యమైన ఆధారం. కాని తవ్వించినవారి వంశం తెలిసినంతగా తవ్వినవారి బతుకు యే శాసనం వల్లా తెలియదు. పర్యావరణ విద్యకు సిబ్బంది యెవరన్న ప్రశ్నను మనం ఇక్కడి నుంచే ప్రారంభించాలి.

విశ్వవిద్యాలయాలలో యీ విద్య ప్రవేశించిన క్రమం తెలిసిందే. 1972లో స్టాక్‌హోంలో ప్రపంచ దేశాల సమావేశం జరిగింది. 1976లో 42వ సవరణ ద్వారా పర్యావరణ రక్షణ మన రాజ్యాంగంలో చోటు చేసుకున్నది. వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం యేర్పడింది కూడా ఆ సంవత్సరమే. 1984లో భోపాల్ ఘోరం, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాయి. 1991లో సుప్రీంకోర్టు యీ విషయాన్ని విద్యాసంస్థలన్నిటిలో బోధించాలని ఆదేశించింది. 2003లో మళ్ళీ గట్టిగా చెప్పిన తరువాతగాని డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యక్రమం అమలుకు రాలేదు. ఆ పాఠ్యక్రమంలో 50 ఉపన్యాసాలు. వాటిలో క్షేత్ర పరిశీలనకు కేటాయించినవి 5.

పాఠ్యక్రమం వచ్చింది, పాఠం చెప్పే మనిషి రాలేదు. చాలా కళాశాలల్లో వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో చెప్పే ఉపాధ్యాయునికే యీ బరువు కూడా అప్పగించారు. ఆ బోధకులలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసేవారు తక్కువేమీ కాదు. మిగిలిన 5 గంటల క్షేత్ర పరిశీలనకు విద్యార్థులు చెరువు కట్ట మీదికి వెళ్ళితే, అక్కడ వారికి చెరువును చూపించేవాడు యెవడు?

ఒకప్పుడు ఆ మనిషి వుండేవాడు. అతని పేరు నీరటి. యే తూము యెప్పుడు ఎత్తాలో, యెంత ఎత్తాలో, నీళ్ళు తక్కువైన యేడు ఆయకట్టులో యెన్ని ఎకరాలు తడపాలో అతనికి తెలుసు. ముసురు రాత్రులలో లాంతరు పట్టుకొని కట్ట పొడుగునా తిరిగి బుంగలు పడ్డాయేమో చూసేవాడు అతడే. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులలో పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. పై కట్ట తెగితే కింది కట్టకూ ముప్పే. ఏ వూరి చెరువు నిండితే తన వూరికి యెంతసేపటికి నీరు వస్తుందో లెక్క కట్టగల నీరటి విద్యనే నేటి పుస్తకాలు పరీవాహక ప్రాంత నిర్వహణ అంటున్నాయి. ఆ విద్యకు అతనికి దక్కిన జీతం కల్లంలో కొలిచే కాసిన్ని గింజలు, లేదా కొద్దిపాటి ఇనాం భూమి.

అంతమాత్రాన పాత గ్రామాన్ని స్వర్ణయుగంగా కీర్తించటం మన పని కాదు. చాలా వూళ్ళలో నీరటి దళితుడు. ఆ పని అతనికి పుట్టుకతో అంటగట్టబడింది. కట్టకు మట్టి మోసిన చేతులు అనేకసార్లు వెట్టి చేతులే. తూము తాళ్ళు పట్టినవాడు నీరటి అయితే, యెవరి పొలానికి ముందు నీరు పారాలో నిర్ణయించింది గడీ. శాస్త్రం కట్ట మీద, విధానం గడీలో వుండేవి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిందీ, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడిందీ యీ అధికారాన్ని ఎదిరించే. జనగామ గడ్డ నేర్పిన యీ పాఠాన్ని విడిచి పర్యావరణ చరిత్ర రాస్తే అది అర్ధసత్యమే అవుతుంది.

తరువాత జరిగిందేమిటి? 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. కింది గ్రామ సేవకులు కాలక్రమాన గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. 2023లో వారినీ ఇతర శాఖలలో సర్దుబాటు చేశారు. పుట్టుకకు కట్టివేసిన కొలువు పోవటం న్యాయమే. కాని కొలువుతోపాటు విద్య కూడా పోయింది. దానిని రాసిపెట్టుకునే బాధ్యత యే శాఖా, యే విశ్వవిద్యాలయమూ తగినంతగా తీసుకోలేదు. 2015లో మిషన్ కాకతీయ పేర రాష్ట్రంలోని 46 వేల పైచిలుకు చెరువుల పునరుద్ధరణ తలపెట్టారు. పూడిక తీయటానికి యంత్రం చాలు. తూము కాయటానికి మనిషి కావాలి.

ఆ మనిషి అవసరం యెంతటిదో వరదలు చెప్పాయి. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ రోజులలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కంకరా మట్టీ కొట్టుకుపోయాయి.

ఇటువంటి వానను యే నీరటి తాతా చూసి వుండడని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ సరైనదే. కట్ట మీది అనుభవం ఒక్కటే యీ కాలానికి చాలదు. వర్షమాపకాలు, ఉపగ్రహ చిత్రాలు, జలశాస్త్ర గణితం కావాలి. గణపసముద్రం వున్న ఘనపురం మండలంలోనే చెల్పూరు థర్మల్ కేంద్రం వున్నది. దాని 1,100 మెగావాట్ల వెనుక బొగ్గు గనులున్నాయి, బూడిద వున్నది. బూడిద నీటిలో యేమి కలుస్తున్నదో చెప్పగలిగేది ప్రయోగశాల మాత్రమే. అయితే ప్రయోగశాలలో సీసా పట్టుకున్న మనిషి కూడా సిబ్బందే. నమూనా తెచ్చేవాడు, పరికరం నడిపేవాడు, లెక్క రాసేవాడు - వీరిలో ఒక్కడు తప్పు చేసినా ఆచార్యుని వ్యాసం తప్పవుతుంది.

ఇక్కడ ఉద్యోగ భద్రత విజ్ఞానానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. యేడాదికొకసారి కొలువు పొడిగింపు కోసం చేతులు కట్టుకు నిలబడవలసిన బోధకుడు, గని గురించో బూడిద చెరువు గురించో నిర్భయంగా యెట్లా మాట్లాడగలడు? గడీ ముందు నీరటి నోరు మూతపడినట్టే ఇతని నోరూ మూతపడుతుంది. విధానాన్ని విమర్శించలేని విధాన శాస్త్రం వట్టి పాఠ్యపుస్తకమే.

కనుక మనం కోరవలసినవి స్పష్టమే. పర్యావరణ బోధనకు ప్రత్యేకమైన శాశ్వత ఉద్యోగాలు కావాలి. ప్రయోగశాల, క్షేత్ర సహాయకుల పేర్లు పరిశోధనా పత్రాలలో చేరాలి. మిగిలివున్న వృద్ధ నీరటుల నుంచి చెరువు చెరువుకూ విద్యార్థులు వివరాలు సేకరించాలి. చెప్పినవారికి వేతనం ముట్టాలి, పేరు దక్కాలి. ఇందులో చివరి పనికి యే ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. మానుకోటలో, జనగామలో, భూపాలపల్లిలో వున్న ఉపాధ్యాయులూ విద్యార్థులూ వచ్చే వానాకాలానికి ముందే దానిని మొదలుపెట్టవచ్చు.