నాడియు గడియయు

తమిళ, కన్నడ, మహారాష్ట్ర, ఉత్కళ దేశములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి, వైద్యుడు చేయి పట్టి చూచుదానిని చెప్పుటకు మాట మార్చుకొనవలసిన అవసరము కలుగలేదు. ఆ నాలుగు భాషలందును అది నాడియే. అయితే ఈ మాటకు మరియొక అర్థము గలదు. జ్యోతిష సిద్ధాంతములలో నాడి యనగా గడియ, అనగా 24 నిమిషముల కాలము. తమిళులు గడియను నాళిగై యనుటకు మూలమైన నాడిక యిదియే. ఒకే మాటలో రక్తపు కొట్టుకొనుటయు, కాలపు కొలతయు ఇమిడియుండగా, మన పూర్వులు ఆ రెంటిని జతపరచి నాడిని లెక్కించిరా యనునది విచారింపదగిన ప్రశ్న.

చరక సుశ్రుత సంహితలలో నాడీపరీక్ష రోగనిర్ణయ పద్ధతిగా కానరాదు. సుమారు 13, 14 శతాబ్దులనాటి శార్ఙ్గధర సంహితలో అది స్పష్టముగా కనబడును. బొటనవ్రేలి మొదట కొట్టుకొను ధమనిని జీవమునకు సాక్షిగా ఆ గ్రంథము భావించినది. వాతమున నాడి పామువలె, జలగవలె ప్రాకును. పిత్తమున కప్పవలె, కాకివలె గంతులు వేయును. కఫమున హంసవలె, పావురమువలె మెల్లగా సాగును. ఇట్టి నాడీజ్ఞానమును ఆంధ్రవైద్యుల కందించిన గ్రంథములలో బసవరాజీయము ముఖ్యమైనది. దాని శ్లోకములు సంస్కృతము, తాత్పర్యము తెలుగు. నాడీపరీక్ష దాని మొదటి ప్రకరణముననే యున్నది. సంస్కృతము రాని పల్లెటూరి వైద్యుడు సైతము తెలుగు తాత్పర్యము చదువుకొని రోగి మణికట్టుపై మూడు వ్రేళ్లుంచగలిగెను. ఆ మూడు వ్రేళ్ల క్రింద నున్నది ఒక్క ధమనియే యని నేటి శరీరశాస్త్రము చెప్పును. అయినను, ఆ వ్రేళ్లు అలవరచుకొన్న సూక్ష్మస్పర్శ కొట్టివేయదగినది కాదు.

శార్ఙ్గధరునిలో నడక యున్నది గాని, ఇంత కాలమున కిన్నిమార్లు అను లెక్క లేదు. దానికి కొంత కారణము సాధనములలో నున్నది. గడియను కొలుచుటకు అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై నుంచెడివారు. అది నిండి మునుగుటకు 24 నిమిషములు పట్టును. చేతినాడికి అది మిక్కిలి పెద్ద కొలత. గడియలో 60వ పాలు వినాడి, అనగా 24 సెకండ్లు. వినాడికి 6 ప్రాణములు, ప్రాణమునకు 10 గుర్వక్షరములు. అనగా 60 గుర్వక్షరములను తొట్రుపాటు లేక ఒకే తీరున పలికినచో ఒక వినాడి గడచును. ఛందస్సు నేర్చిన తెలుగు బాలునికి గురువనగా నేమో వేరుగా చెప్ప నక్కరలేదు గదా! ఆ చిన్న కొలతకు కావలసిన సాధనము నోరే.

తరువాతి నాడీగ్రంథములు కొన్నింటిలో ఈ 24 సెకండ్లకే, పలమను పేర, సంఖ్యలు కనబడుచున్నవి. అప్పుడే పుట్టిన శిశువునకు 56, ప్రౌఢునకు 29. నిమిషమునకు లెక్కవేసినచో 140, 72.5 అగును. నేటి వైద్యుల లెక్కలకు ఇవి మిక్కిలి సమీపములు. ఇంత సమీపముగా నుండుట చేతనే, పాశ్చాత్య గడియారముల ప్రభావము వీనిపై లేదని ధైర్యముగా చెప్పుటకు వీలులేదు. ఈ శ్లోకములను చూపి సర్వమును మనవారే ముందెరిగిరని సభలలో చాటుట తొందరపాటు.

పాశ్చాత్యుల మార్గమును సూటిగా సాగలేదు. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలోనే అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ జలఘటికతో నాడిని కొలిచెను. ఆ పని మరల ఊపందుకొన్నది 17వ శతాబ్దారంభమున, ఇటలీలో శాంతోరియో లోలకముతో నాడివేగమును సరిపోల్చినప్పుడు. 1628లో హార్వే రక్తప్రసరణమును వివరింపగా, నాడి గుండె త్రోపువలన కలుగునదని స్థిరపడెను. 1707లో ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లాయర్ సరిగా ఒక నిమిషము నడచు గడియారమును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన చీనా నాడీశాస్త్రమును సైతము శ్రద్ధగా పరిశీలించెను. సంఖ్యను పట్టినవాడు నడకను విడువలేదు.

నేడెవరైనను తమ నాడిని తామే చూచుకొనవచ్చును. అయిదు నిమిషములు విశ్రాంతిగా కూర్చుండి, బొటనవ్రేలి మొదట మణికట్టుపై చూపుడువ్రేలిని, నడిమివ్రేలిని మెల్లగా నుంచవలెను. బొటనవ్రేలితో చూడరాదు, దాని నాడి దానికే తగులును. 30 సెకండ్లు లెక్కించి రెట్టింపు చేయవలెను. లయ తప్పుచున్నచో పూర్తిగా నిమిషము లెక్కింపవలెను. విశ్రాంతిలో పెద్దలకు 60 మొదలు 100 వరకు సామాన్యము. వ్యాయామమున కలవాటుపడినవారికి ఇంకను తక్కువ యుండవచ్చును. భోజనము చేసినవెంటనే, శ్రమపడినవెంటనే నాడి చూడరాదని పూర్వవైద్యులు విధించిరి. ఆ వేళలలో గుండె వేగము పెరుగునని నేటి శాస్త్రమును చెప్పుచున్నది.

ఆగి ఆగి నడచు నాడిని శార్ఙ్గధరుడు ప్రాణహారిణిగా నెంచెను. అప్పుడప్పుడొక దెబ్బ తప్పుట చాలమందికి హానికరము కాదు. కాని నాడి క్రమము లేక కొట్టుకొనుచునే యున్నచో, గుండె పైగదులలో రక్తము గడ్డకట్టి మెదడునకు చేరి పక్షవాతమునకు దారితీయు వ్యాధి కావచ్చును. అది వ్రేలితో తేలునది కాదు. వైద్యుని యొద్ద గుండె విద్యుత్ పటము తీయించుకొని చూడవలసినది.