పానెం (కల్పిత దేశం)

పానెం అమెరికన్ రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2008లో వెలువరించిన ‘ది హంగర్ గేమ్స్’ నవలలోని నిరంకుశ దేశం. ఉత్తర అమెరికా శిథిలాల మీద వెలసిన ఈ దేశంలో కాపిటల్ అనే సంపన్న రాజధాని 12 జిల్లాలను అణచి ఏలుతుంది.

పేరు పుట్టుక: లాటిన్‌లో ‘పానిస్’ అంటే రొట్టె. ‘పానెం’ దాని ద్వితీయా విభక్తి రూపం. రొట్టెకూ వినోదానికీ ఆశపడి రోమన్ ప్రజలు రాజకీయ బాధ్యతను వదులుకున్నారని కవి జువెనల్ తన 10వ వ్యంగ్య కావ్యంలో నిందించాడు. ఆ మాటల్లోని రొట్టే ఈ దేశానికి పేరైంది.

ఇతర పేర్లు: ప్రాచీన రోములో ధాన్యం పంపిణీకి వాడిన బిళ్ల ‘టెస్సెరా’. నవలలో టెస్సెరా తీసుకున్న పిల్లలకు ఏడాదిపాటు ఒక మనిషికి అరకొరగా సరిపోయే ధాన్యం, నూనె దక్కుతాయి. బదులుగా, పిల్లలు ఒకరినొకరు చంపుకోవాల్సిన మృత్యుక్రీడలకు ఎంపిక చేసే లాటరీలో వారి పేరిట మరో చీటీ చేరుతుంది. ఇంటిల్లిపాదినీ పోషించే గేల్ అనే యువకుడి పేరు 18 ఏళ్లకే 42 చీటీల్లో ఉంటుంది. నాలుక కోసి సేవకులుగా మార్చినవారు ‘ఏవాక్స్’లు. ఇందులోని లాటిన్ ‘వాక్స్’కు స్వరమని అర్థం. మన ‘వాక్కు’కు అది తోబుట్టువు.

ప్రాధాన్యం: అన్నం పెట్టే చేయే నోరు నొక్కగలదన్న హెచ్చరికను ఈ పేర్లు తమలోనే మోస్తున్నాయి.