ముద్దమందారానికి విత్తనం లేదు

మందారాన్ని మనం రేకమందారం, ముద్దమందారం అని రెండుగా చెప్పుకుంటాం. నందివర్ధనంలోనూ గన్నేరులోనూ ఇదే తేడా పాటిస్తాం. ఇది అందానికి సంబంధించిన మాటే అనిపిస్తుంది కాని, ‘ముద్ద’ అన్న ఆ చిన్న మాటలో ఒక చరిత్ర దాగి ఉంది. ముద్దపువ్వులో ఎక్కువగా కనిపించే రేకులు చాలావరకు రూపం మార్చుకున్న కేసరాలే. పుప్పొడి ఇవ్వవలసినవి రేకులైపోయాక కాయ కట్టడం అరుదు, విత్తనం దొరకడం ఇంకా అరుదు. అడవిలో అలాంటి మొక్క ఒకటి పుట్టినా దాని రకం దానితోనే పోతుంది. ఇవి పోలేదంటే ఎవరో ఒకరు కొమ్మ కోసి గుచ్చారన్నమాట. ఆ మొక్క ముదిరి ఎండేలోగా ఇంకెవరో మళ్లీ గుచ్చారు. అసలు మన తోటల్లో పూసే మందార జాతే అడవిలో సహజంగా పెరుగుతూ ఎక్కడా కనబడదు. అందుకే పూలమొక్కల చరిత్రలో ఓడలకూ రాజోద్యానాలకూ ఇచ్చే పెద్దపీట పెరటికి దక్కాలని నా వాదన. మొక్కను తెచ్చినవారు వేరు, నిలిపినవారు వేరు.

కొమ్మతో మొక్కను నిలిపే విద్య ఈ దేశానికి పాతదే. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయంలో కొమ్మ నాటి పెంచవలసినవాటిని పేరుపేరునా చెప్పాడు. పనస, దానిమ్మ, ద్రాక్షల సరసన పూలతీగ అతిముక్తం కూడా ఆ జాబితాలో ఉంది. కొమ్మకు ఆవుపేడ పూసి నాటమన్నాడు. నాటిన కొమ్మ పైకోతకు పేడముద్ద పెట్టే అలవాటు ఇప్పటికీ ఉంది; కోత దగ్గర తడి ఆరిపోకుండా అది కాపాడుతుంది. కణుపు కిందుగా కోయాలి, ఆకులు తగ్గించాలి, వానలు పడ్డాక నాటాలి, కొమ్మను తలకిందులు చేయకూడదు అన్న నియమాలూ ఇలా చేతి నుంచి చేతికి వచ్చినవే. చిగుళ్లలో పుట్టే ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగి కోత దగ్గర చేరి వేళ్లు పుట్టిస్తుందని శాస్త్రం తేల్చింది 1930లలో. నర్సరీలు ఇప్పుడు వాడే వేరుపొడిలోని ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం శక్తి బయటపడింది 1935లో. అప్పటికే ఎన్నో తరాలు ఆ ఆక్సిన్ పేరు తెలియకుండానే దానితో పని చేయించుకున్నాయి.

మన పెరట్లో సగం పూలు పరాయివి, ఓడలు రాకపోతే అవెక్కడివి అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కాగితంపూల మొక్కను ఫ్రెంచి వృక్షశాస్త్రి కొమ్మెర్సాన్ బ్రెజిల్‌లో రియో దగ్గర సేకరించింది 1767లో. దేవగన్నేరు కూడా అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల చెట్టే. కలకత్తా వృక్షోద్యానం 1787లో మొదలైంది. లండన్ వైద్యుడు వార్డ్ చేయించిన గాజుపెట్టెలు 1833లో బయలుదేరి మొక్కల్ని బతికుండగానే సిడ్నీ చేర్చాక సముద్రం అడ్డంకి కాకుండా పోయింది. అయితే రావడం ఒకటి, ఉండిపోవడం ఒకటి. అందానికని తెచ్చిన లాంటానా పిట్టలు తిని రాల్చిన గింజలతో అడవులనే ఆక్రమించింది. దానికి మనిషి సాయం అక్కరలేకపోయింది. దేవగన్నేరు కథ వేరు. విరిచిన కొమ్మ పాలు ఆరేదాకా నీడలో ఉంచి నాటాలి, తడి మీద నాటితే కుళ్లిపోతుంది. ఆ ఓపిక ఉన్నవాళ్ల వల్లే అది గుడి ముంగిట చేరి, దేవుడి పేరు పెట్టుకునేంతగా మనదైంది.

పెరటి కొమ్మల రాకపోకలకు దస్తావేజులు ఏవని మరో ప్రశ్న. దస్తావేజు ఆ మొక్కే. విత్తనం లేని రకం వేల ఇళ్లలో ఉండడం కంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి? దాచిపెట్టాలన్నా దాగదని చెప్పే కథ ఇటలీలో ఉంది. 17వ శతాబ్దం చివర టస్కనీ ప్రభువు మూడవ కోసిమోకు గోవా నుంచి ముద్దమల్లె చేరింది. దాన్ని తన తోట దాటనివ్వకూడదని ఆయన పట్టుబట్టాడట. ఒక తోటమాలి తన ప్రియురాలికి పువ్వున్న రెమ్మ ఇస్తే, ఆమె దాన్ని నాటి బతికించిందట. కథలో కల్పన ఎంతున్నా, కొమ్మతో బతికే మొక్కకు కంచె కట్టలేమన్న సంగతి మాత్రం దాన్ని చెప్పుకున్నవాళ్లకు తెలుసు.

ఒక అభ్యంతరానికి మాత్రం బలముంది. కొమ్మతో వచ్చింది పిల్లమొక్క కాదు, అదే మొక్క. తల్లికి సోకే తెగులు దాని కొమ్మలతో వచ్చిన మొక్కలన్నిటికీ సోకగలదు. కొత్త రంగు కావాలన్నా విత్తనం దగ్గరికే వెళ్లాలి. కానీ సంకరం చేసి సాధించిన ఆ కొత్త రంగును పట్టి ఉంచడానికి మళ్లీ కొమ్మే గతి. ఇక ఈ పని నర్సరీలు చేస్తున్నాయి కదా అంటే, రాజమండ్రి పక్కన కడియం ప్రాంతపు నర్సరీలు నేల అంట్లు, గాలి అంట్లు, కొమ్మలతోనే లెక్కలేనన్ని మొక్కలు పెంచి దేశమంతా పంపుతున్న మాట వాస్తవం. అయితే అంగడి నిలిపేది అమ్ముడుపోయే రకాన్నే. అడిగేవాళ్లు లేని పాత ఎర్రముద్దను నిలపవలసింది దాన్ని కోసి పక్కింటికి ఇచ్చే చెయ్యే. ఒకరి పెరట్లో ఎండినా మరొకరి పెరట్లో ఉంటుంది; పంచడమే దానికి భద్రత. మందారం ఎన్నేళ్లదని అడిగితే కుండీలో నాటిన రోజు చెబుతాం. నిజానికి మొక్క వయసు అది కాదు, మన ఇంటి వంతు వచ్చిన తేదీ.